చిట్టిదొర

మా అమ్మ, మా అత్త ఒకే ఇంట్లో ఉంటారు, కానీ మాట్లాడుకోరు. అత్త అంటే నాన్న చెల్లెలు. పెళ్ళి చేసుకోలేదు. అమ్మ కోడలిగా వచ్చేనాటికే ఆ ఇంట్లో ఉంది, నాన్న పోయాక కూడా అక్కడే ఉండిపోయింది. అమ్మ ఒక హాస్టల్ వంటగదిలో పెద్ద గిన్నెల ముందు, అత్త బట్టల ఫ్యాక్టరీలో ఇస్త్రీ బల్ల ముందు జీవితమంతా నిలబడ్డారు. వాళ్ళిద్దరూ నిలబడితే నేను కూర్చుని చదువుకున్నాను. మా వైపు డిగ్రీ దాకా వెళ్ళిందాన్ని నేనొక్కదాన్నే. ఆ డిగ్రీ ఎవరి చలవ అన్నది మాత్రం ఆ ఇంట్లో ఇప్పటికీ తేలలేదు.

మాటలు ఎందుకు ఆగిపోయాయని అడిగితే ఇద్దరూ చెరో కారణం చెబుతారు. నేను రెండూ నమ్మను. పైగా వాళ్ళు మాటలు మానేశారే గానీ తిట్టుకోవడం మానలేదు. మధ్యలో నన్ను పెట్టుకుని తిట్టుకునేవాళ్ళు.

"కూరలో ఉప్పు కుమ్మరించిందని చెప్పవే మీ అమ్మకి."

"నాలుక మొద్దుబారిన వాళ్ళకి ఏది తిన్నా అంతేనని చెప్పవే మీ అత్తకి."

ఇద్దరూ ఒకే బల్ల దగ్గర, మోచేతులు తగిలేంత దగ్గరగా కూర్చుని అనే మాటలివి. నేను నోరు విప్పక్కర్లేదు. అక్కడ ఉంటే చాలు. ఆసుపత్రి ల్యాబులో నాకు ఉద్యోగం వచ్చి, దాని పక్కనే ఒక గది తీసుకుని వెళ్ళిపోయాక, వాళ్ళకి తిట్టుకునే దారి కూడా మూసుకుపోయింది.

అలా నోళ్ళు కుట్టేసుకుని కూర్చున్న రోజుల్లోనే అత్తకు కాలి వేలు తీసేశారు. షుగరు. ఆ జబ్బు ఉందని మొదట చెప్పింది చీమలు. బాత్రూములో అత్త వెళ్ళొచ్చిన చోట చీమలు బారులు కట్టేవి. అత్త నీళ్ళు కొట్టేసి ఊరుకునేది. ఎవరికీ చెప్పలేదు. చెబితే అమ్మ నవ్వుతుందని. తీరా ఆసుపత్రికి వచ్చేసరికి వేలు నల్లబడిపోయింది.

"నడవాలమ్మా," అన్నాడు డాక్టరు. "రోజూ నడవాలి. తీపి ముట్టుకోకూడదు. లేదంటే ఈసారి వేలితో ఆగదు, పాదం తీసేయాలి."

అత్త ఇంటికొచ్చి కుర్చీలో కూర్చుంది. "ఇన్నేళ్ళు నిలబెట్టారు, ఇప్పుడు నడవమంటున్నారు. పాడె ఎక్కాక పరిగెత్తమంటారు కాబోలు," అని మళ్ళీ లేవలేదు.

అమ్మ ఏం చేసిందో కూడా చెప్పాలి. రోజూ సాయంత్రం టీ పెట్టుకునేది. రెండు చెంచాల చక్కెర గలగలా తిప్పుకుని, క్రీమ్ బిస్కట్ల ప్లేటు సరిగ్గా అత్త ముందు పెట్టుకుని, ఒక్కొక్కటే టీలో ముంచుకుని తినేది. "పాపం కొందరికి ఈ రాత లేదు," అని కిటికీతో అనేది. అత్త పళ్ళు బిగబట్టుకుని కూర్చుని, అమ్మ కూరగాయలకు వెళ్ళగానే బిస్కట్ల డబ్బా తీసుకుని బాత్రూములో గడియ పెట్టుకునేది. ఇన్సులిన్ సూది పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి. అయినా ఆమె రక్తం నా ల్యాబుకు వచ్చినప్పుడల్లా ఆ అంకె చూసి నాకు చెమట పట్టేది.

మా ఆసుపత్రిలో వ్యాయామాలు చేయించే ఆమె నాకు కుక్క సంగతి చెప్పింది. "పెద్దవాళ్ళని నడవమని వందసార్లు చెప్పు, నడవరు. చేతిలో ఒక కుక్కనిచ్చి చూడు. అదే లాక్కెళుతుంది. బీపీ తగ్గుతుంది, దిగులు తగ్గుతుంది, నిద్ర పడుతుంది." నేను నమ్మాను. ఇప్పటికీ ఆ మాట తప్పనను. మాతో పనిచేసే ఒకాయన ఊరు మారుతూ తన కుక్కను ఎవరికైనా ఇద్దామనుకుంటుంటే తీసుకొచ్చాను. పొట్టి కాళ్ళు, వేలాడే చెవులు, టోస్టు రంగు. ఎవరు పిలిచినా తోక ఊపే మంచి జంతువు.

అమ్మ గుమ్మంలోనే ఆపింది. "ఎందుకే ఇది? ఇంట్లో మొరగడానికి ఒకరు ఉన్నారుగా."

"మొరిగేవాళ్ళు ఉన్నారు, కరిచేవాళ్ళూ ఉన్నారు. తోక ఊపేవాళ్ళే లేరు. లోపలికి తీసుకురావే," అంది అత్త కుర్చీలోంచి.

అమ్మ దానికి చిట్టి అని పేరు పెట్టింది. అత్త దొర అని పిలిచింది. కుక్క రెండింటికీ పలికింది. చూస్తుండగానే అది నా ఉద్యోగంలో చేరిపోయింది.

"ఒరేయ్ దొరా, బాత్రూములో దీపం ఆర్పమని చెప్పరా ఆ మహారాణికి."

"ఒరేయ్ చిట్టీ, ఆర్పితే కాలు జారి పడతావని, పడితే ఎత్తేవాళ్ళు లేరని చెప్పరా ఆవిడకి."

కుక్క ఒకసారి ఇటు, ఒకసారి అటు తల తిప్పి చూసేది. దాని మొహం చూసి ఇద్దరికీ నవ్వొచ్చేది. కానీ ఒకరు నవ్వితే రెండో వాళ్ళు వెంటనే మానేసేవాళ్ళు.

పొద్దున నడక అత్తది, సాయంత్రం నడక అమ్మది. అది నేను చేసిన పంపకం. మొదట్లో అత్త వీధి చివర దాకా వెళ్ళి గోడ పట్టుకుని నిలబడేది. తర్వాత పార్కు దాకా వెళ్ళింది. తర్వాత పార్కు చుట్టూ తిరిగింది. అత్త ఎంతసేపు తిప్పిందో కనిపెట్టి, అమ్మ సాయంత్రం అంతకన్నా ఎక్కువసేపు తిప్పుకొచ్చేది. ఇద్దరూ వంతులేసుకుని నడిచారు. అత్త కాలి పుండు ఎండింది. అమ్మ బీపీ మాత్ర సగమైంది. ఏడాది తిరిగేసరికి అత్త షుగరు ఎంత దిగిందంటే, పొరపాటేమోనని నేనే ఆ రక్తం మళ్ళీ పరీక్షించాను.

డాక్టరు కాగితం చూసి కళ్ళజోడు తీశాడు. "ఏం చేస్తున్నారమ్మా?"

"కుక్కను పెంచుతున్నానండీ."

"చాలా బాగుంది. అదే పెంచండి," అని సూదులు ఆపేసి మాత్రలు రాశాడు. అత్త ఆ రోజు ఆసుపత్రి మెట్లు కొత్త పెళ్ళికూతురిలా దిగింది.

అప్పటికే కుక్క మాత్రం దిండులా తయారైంది. నేను ఆదివారాలు వెళ్ళినప్పుడు ఎత్తుకోలేకపోయేదాన్ని. దాని పొట్ట నేలకు రాసుకునేది. ఒక ఆదివారం ఇద్దరినీ కూర్చోబెట్టాను.

"దీనికి తీపి ఎవరు పెడుతున్నారు?"

"నేనా? అబ్బే," అంది అమ్మ.

"నా చేత్తో అన్నం మెతుకు తప్ప ఇంకోటి పెడితే నా చెయ్యి పడిపోవాలి," అంది అత్త.

"సరే, వినండి. ఎవరు పెడుతున్నారో తెలిసిన రోజున, ఆ మనిషి దగ్గర్నుంచి కుక్కను తీసేసి రెండో మనిషికి ఇచ్చేస్తాను. ముట్టుకోనివ్వను కూడా."

ఇద్దరి మొహాలూ ఒక్కసారే వెలిగాయి. ఎవరికి వారు అవతలి మనిషి దొరికిపోతుందని సంబరపడ్డారు. ఆ రోజు నుంచి ఇద్దరూ ఇంకా జాగ్రత్తగా, ఇంకా చాటుగా పెట్టారు.

ఎందుకు పెట్టారంటే, ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. అత్త బిస్కట్టు నోటి దాకా తెచ్చుకుని, నోట్లో వేసుకోకుండా బల్ల కిందికి చెయ్యి పెట్టేది. అది నమిలే కరకర చప్పుడు వింటే తన నోట్లోనే నీళ్ళూరి, కడుపు నిండినట్టుండేదట. ఆమె షుగరు దిగింది అలా. నడక సగం చేస్తే, మిగతా సగం కుక్క తినిపెట్టింది. అమ్మకు అదేమీ లేదు. మనుషుల్ని తిండి పెట్టి గెలవడం తప్ప ఆమెకు వేరే విద్య రాదు. అత్త పెడుతోందని పసిగట్టి, తను రెండు పెట్టేది. చక్కెర పాలు పోసేది. కేకు ముక్క కొనుక్కొచ్చి కొంగులో దాచేది.

కుక్క నీళ్ళు తాగడం ఎక్కువైంది. ఇంట్లోనే పోసేయడం మొదలుపెట్టింది.

"పొద్దున సరిగ్గా తిప్పకపోతే ఇలాగే పోస్తుందని చెప్పరా చిట్టీ."

"సాయంత్రం సెల్లు చూసుకుంటూ బెంచీ మీద కూర్చుంటే ఇలాగే పోస్తుందని చెప్పరా దొరా."

ఒక ఆదివారం నేను తలుపు తీసేసరికి ఫినాయిలు వాసన గుప్పుమంది. అత్త అంత పొద్దున్నే, అరిగిన మోకాళ్ళ మీద కూర్చుని గుమ్మం పక్కన తుడుస్తోంది. ఎప్పుడూ చీపురు పట్టని మనిషి. ఆమె చెయ్యి పడని మూల ఒక తడి మరక మిగిలిపోయింది. దాని చుట్టూ చీమలు బారులు కట్టి ఉన్నాయి.

నేను అత్త మొహం చూశాను. అత్త చీమల్ని చూసింది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

 వంటింట్లోంచి అమ్మ వచ్చింది. ఆమె చేతిలోనూ ఒక గుడ్డ, ఇంకో ఫినాయిలు సీసా ఉన్నాయి. ఇద్దరూ చూశారు. ఇద్దరికీ తెలుసు. ఆ చీమల అర్థం ఆ ఇంట్లో తెలియనివాళ్ళు లేరు. ఎవరు ముందు నోరు విప్పితే కుక్క అవతలి వాళ్ళదవుతుందని, ఇద్దరూ తుడుచుకుంటూ కూర్చున్నారు.

పశువుల ఆసుపత్రిలో చీటీ రాసే అమ్మాయి అడిగింది. "పేరు?"

"చిట్టి," అంది అమ్మ.

"దొర," అంది అత్త.

ఆ అమ్మాయి ఇద్దర్నీ చూసి, 'చిట్టిదొర' అని రాసుకుంది. నవ్వాల్సిన చోటే. ఎవరమూ నవ్వలేదు.

డాక్టరమ్మ దాని కళ్ళలోకి దీపం వేసి చూసింది. రెండు కళ్ళలోనూ పాలు పోసినట్టు తెల్లటి పొర. చూపు దాదాపు పోయిందని చెప్పింది. రక్తం తీసి పరీక్షించి, "షుగరు చాలా ఎక్కువగా ఉంది. ఏం పెడుతున్నారు?" అని అడిగింది.

"అన్నం, గుడ్డు," అన్నారు ఇద్దరూ. ఇన్నేళ్ళలో వాళ్ళు కలిసి అన్న మాట అదొక్కటే.

 డాక్టరమ్మ కుక్కను బల్ల మీంచి దించింది. అది కళ్ళు కనపడక కాసేపు తడుముకుని, ముక్కు నేలకు ఆనించి నడిచి, అత్త సంచి ముందు కూర్చుని తోక ఊపింది. కాసేపు ఆగింది. ఏమీ రాకపోయేసరికి లేచి, అమ్మ సంచి ముందుకెళ్ళి కూర్చుంది. నేను రెండు సంచులూ తెరిచాను. రెండింట్లోనూ అవే క్రీమ్ బిస్కట్లు.

ఇద్దరూ దొరికారు కాబట్టి కుక్క ఇద్దరిదీ కాకూడదు. నేను తీసుకెళ్ళాలి. కానీ మా గది యజమాని పిల్లిని కూడా రానివ్వడు. డాక్టరమ్మ దానికీ రోజుకు రెండు ఇన్సులిన్ సూదులు రాసింది. "పొద్దున సూది అత్త వేస్తుంది. సాయంత్రం సూది అమ్మ వేస్తుంది. నడకలాగే. మందు ఎంతో డాక్టరమ్మ సిరంజి మీద గీత పెట్టి ఇచ్చింది. తీపి కనపడితే ఇద్దరి దగ్గరా ఉంచను, ఎవరికైనా ఇచ్చేస్తాను," అన్నాను. ఫ్రిజ్ తలుపులో అత్త ఇన్సులిన్ సీసాలు ఉండే అరలోకి కుక్క సీసా వచ్చి చేరింది.

ఇంటికొచ్చే దారిలో ఆటోలో కుక్క నా ఒళ్ళో ఉంది.

"తన రోగం తీసుకెళ్ళి నోరులేని దానికి అంటించిందని చెప్పరా చిట్టీ," అంది అమ్మ.

 అత్త, ఎవరి మీదా పెట్టకుండా, నేరుగా అమ్మ మొహంలోకి చూసి అంది. "మా అన్నయ్యనూ ఇలాగే పెట్టి పెట్టి చంపావు."

నాన్న గుండెజబ్బుతో పోయాడు. ఆయనకు నూనె, ఉప్పు వద్దన్నారు. అమ్మ మానలేదు. ఆ మాట ఆ ఇంట్లో ఎవరూ ఎప్పుడూ అనలేదు.   ఆ రోజు నుంచి కుక్కతో కూడా చెప్పించడం మానేశారు.

సూదులు మొదలైన మూడో రోజో నాలుగో రోజో, నేను ల్యాబులో ఉండగా ఫోను మోగింది. అమ్మ. అది ఎత్తేలోపే అత్త ఫోను. అమ్మదే ఎత్తాను.

"చిట్టి కొట్టుకుంటోందే. నోట్లోంచి నురగ."

"ఫోను స్పీకర్లో పెట్టు," అని డాక్టరమ్మకు ఇంకో ఫోనులో కలిపాను. షుగరు మరీ పడిపోయి ఉంటుందని ఆమె అనగానే అరిచాను. "అమ్మా, చక్కెర! చక్కెర నీళ్ళు దాని చిగుళ్ళకి రాయండి! వెంటనే!"

అవతల చప్పుడు లేదు.

"అమ్మా, చక్కెర!"

"చక్కెర లేదే."

"లేకపోవడమేంటి?"

"పారేశాను. నేను పెట్టట్లేదని నువ్వు నమ్మాలిగా. డబ్బా కడిగి బోర్లించాను."

"అత్తా, బిస్కట్లు?"

"నేనూ అన్నీ చెత్తలో పారేశాను," అంది అత్త వెనకనుంచి.

ఆ ఇంట్లో అంత తీపి ఏళ్ళ తరబడి మూలమూలలా దాగి ఉంది. కావాల్సిన ఆ రోజు ఒక్క చక్కెర పలుకు లేదు. పక్కింటికి పరిగెత్తమన్నాను. అమ్మ వెళ్ళి తలుపు కొట్టి, చక్కెర తెచ్చింది. నేను ఆటోలో వెళ్ళేసరికి అత్త నేల మీద కాళ్ళు చాపుకుని, కుక్క తలను ఒళ్ళో పెట్టుకుని దాని నోట్లో వేలితో చక్కెర రుద్దుతూనే ఉంది. దాని పళ్ళ మీద చక్కెర అలాగే ఉంది, కరగలేదు. మింగేవాళ్ళు లేరు.

సింకు పక్కన చెత్త బుట్టలో రెండు సూదులు ఉన్నాయి. రెండూ ఆ పొద్దుటివే.

"పొద్దున ఎవరు వేశారు?"

"నేను. నా వంతు కదా," అంది అత్త.

అమ్మ కుక్క గిన్నె కడుగుతోంది. కడిగిందే కడుగుతోంది.

"అమ్మా, నువ్వు?"

"ఆవిడకి చూపు ఆనదు. నిన్న చూశాను, మందంతా బొచ్చు మీదే ఉంది. ఆవిడ చేతుల్లో వదిలేస్తే అది బతికేదా? అందుకే నేనూ..."

"నువ్వూ వేశావు."

"మరి అది చావాలా?"

అత్త తల ఎత్తలేదు. "మీ అమ్మ చేతులు వణుకుతాయి," అంది మెల్లగా. "సాయంత్రాలు నేనూ వేశాను."

నేను డాక్టరమ్మకు ఫోను చేసి చెప్పలేకపోయాను. కుక్కను ఒక పాత దుప్పటిలో చుట్టి, పార్కు వెనకాల ఖాళీ స్థలంలో తోటమాలి చేత పాతిపెట్టించాం. మట్టి కప్పుతుంటే "చిట్టీ" అని అమ్మ, "దొరా" అని అత్త ఏడ్చారు. రెండు కుక్కలు చచ్చాయేమో అనుకుని తోటమాలి ఇంకో గొయ్యి తవ్వాలా అని అడిగాడు.

అత్త నడవడం మానేసింది. "ఎవరితో నడవను?" అంది. కాలి పుండు మళ్ళీ తడిసింది. ఆమె రక్తం నా ల్యాబుకు వచ్చింది. నేనే అంకె చూసి, నేనే కాగితం డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆయన చూసి, "ఇదేంటమ్మా, మళ్ళీ మొదటికొచ్చింది? మీ కుక్క బాగుందా?" అన్నాడు. అత్త బాగుందండీ అంది. ఆయన సూదులు మళ్ళీ రాశాడు. ఇది పాదానికి పాకితే ఇక తన చేతిలో ఏమీ లేదన్నాడు.

ఇంకో కుక్కను తేవాలా అని నేను ఒక్కసారి అడిగాను. "తేవే, కానీ ఈసారి నాకొక్కదానికే," అన్నారు ఇద్దరూ, వేర్వేరు గదుల్లోంచి. నేను తేలేదు.

ఇప్పుడు వారంలో వీలైనన్ని సాయంత్రాలు నేను ఆ ఇంటికి వెళ్ళి వాళ్ళిద్దరి మధ్య కూర్చుంటున్నాను. నిన్న కూడా వెళ్ళాను. అమ్మ టీ పెట్టింది. చక్కెర డబ్బా మళ్ళీ నిండి ఉంది. క్రీమ్ బిస్కట్ల ప్లేటు తెచ్చి సరిగ్గా అత్త ముందు పెట్టింది.

"అమ్మా, వద్దు," అన్నాను.

"నేనేం తినమన్నానా? నా ప్లేటు నేను పెట్టుకున్నాను. చెప్పవే మీ అత్తకి, ఇష్టమైతే తినమను. ఇప్పుడు పోటీకి ఎవరూ రారుగా."

అత్త ఒక బిస్కట్టు తీసుకుంది. ఈసారి బాత్రూముకు వెళ్ళలేదు. మా ఎదురుగానే సగం కొరికి నమిలింది. మిగతా సగం చేతిలో పట్టుకుని కాసేపు కూర్చుంది. తర్వాత, తనకు తెలియకుండానే, ఆ చెయ్యి బల్ల కిందికి దిగింది. అక్కడే ఆగి ఉండిపోయింది. టీ చల్లారిపోతోంది. నేను కిందికి చూడలేదు.

అమ్మ చూసింది.

"అక్కడ ఎవరూ లేరని చెప్పవే మీ అత్తకి," అంది.

అత్త చెయ్యి పైకి వచ్చింది. ఆ ముక్క నోట్లో వేసుకుని, ఇంకో బిస్కట్టు కోసం ప్లేటు దగ్గరికి లాక్కుంది.